నెలనెలా మారని చిల్లర

అక్టోబరు 3

వసపిట్టకు,

నీ మొదటి నెల లెక్క, దానితోపాటు ఉత్తరం నిన్న అందాయి. ముందు లెక్క చూశాను, ఉత్తరం భోజనం తర్వాత చదివాను. మనిషి చెప్పదలుచుకున్నది ఉత్తరంలో ఉంటుంది, చేసింది లెక్కలో ఉంటుంది. ఆడిట్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే.

మొత్తం 412 అని వేశావు. మూడుసార్లు కూడి చూశాను, 409 వస్తోంది. ఆ మూడూ ఎటు పోయాయో రాయి. మూడే కదా అనకు. మూడు పోయిన దారినే మూడు వందలూ పోతాయి.

మనం అనుకున్న మాట మరోసారి కాగితం మీద పెడుతున్నాను. అరబ్బు దేశానికి వెళ్ళి అరబిక్ చదువుతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. మన ఊరి పెద్దాసుపత్రికి ఆ భాష మాట్లాడే రోగులు వస్తున్నారనీ, వాళ్ళకూ డాక్టరుకూ మధ్య నిలబడే దుబాసీ ఒక్కరూ లేరనీ, నొప్పి ఎక్కడో చెప్పలేక ఒక తల్లి గోడ వైపు తిరిగి పడుకోవడం చూశాననీ నువ్వు చెప్పావు. అది నాకు కారణంలా కనిపించింది. అందుకే నా డిపాజిట్‌ను రెండు భాగాలు చేశాను. మొదటి భాగం ఈ ఏడాదికి. నెలనెలా ఐదో తేదీన పంపుతాను. జూన్‌లో మాట్లాడటం, రాయడం, వ్యాకరణం, ఈ మూడింటిలోనూ పాసైతేనే రెండో భాగం. ఒక్కటి తప్పినా తిరిగి వచ్చి మీ మావయ్య కాగితాల కొట్లో బిల్లులు రాసే కుర్చీలో కూర్చోవాలి. వాడు ఆ కుర్చీకి ఇప్పటికే కొత్త కుషన్ వేయించాడు. నీ మీద వాడికి అంత నమ్మకం.

ఫోన్ చేయకు. ఫోనులో చెప్పిన లెక్కకు రుజువు ఉండదు.

చలికి చెవులు కప్పుకో.

లెక్క తేలేదాకా అసంతృప్తితో,
అమ్మమ్మ


అక్టోబరు 20

అమ్మమ్మకు వంగి నమస్కారం. నిటారుగా నిలబడితే పైకప్పు తగులుతుంది కాబట్టి ఈ గదిలో ఎప్పుడూ వంగే ఉంటున్నాను.

మూడు దొరికింది. ఉల్లిపాయలు ఒకసారే రాసి, రెండుసార్లు కూడాను. అంటే నేను నీకు బాకీ లేను, నువ్వూ నాకు బాకీ లేవు, ఉల్లిపాయలవాడికి మాత్రం ఏ సంగతీ తెలియదు.

గది మేడమీద చివరిది. మంచం, బల్ల, ఒక గిన్నె, ఒక పొయ్యి. కిటికీ తెరిస్తే కింద లాండ్రీ కొట్టు, దాని ఆవిరి. ఆ ఆవిరితోనే చలి కాచుకుంటున్నాను, ఖర్చు లేదు. పుస్తకాలు కొన్నాను. వ్యాకరణ పుస్తకం 90 పెట్టి కొనాల్సి వచ్చింది, తిట్టకు. దిండు కంటే లావుగా ఉంది, రెండు విధాలా వాడుకోవచ్చు.

చదువు బాగానే ఉంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు ముత్యాల్లా రాస్తున్నానని మా పంతులమ్మ అంది. మాట్లాడటం కూడా వచ్చేస్తుంది. మన ఇంట్లో నా నోరు మూయించడానికి మీరందరూ పడ్డ కష్టం నీకు తెలుసు కదా.

నెలాఖరు లెక్క విడిగా పంపుతాను. ఒక్క ఉల్లిపాయ కూడా ఎక్కువ కూడను.

నీ వసపిట్ట


జనవరి 8

వసపిట్టకు,

డిసెంబరు లెక్క అందింది. కూడిక సరిగ్గా ఉంది. అందుకే నాకు అనుమానం వచ్చింది.

గత మూడు నెలల లెక్కలు పక్కపక్కన పరుచుకుని కూర్చున్నాను. మీ అమ్మ అన్నానికి పిలిచింది, వెళ్ళలేదు. నాకు కనిపించినవి రాస్తున్నాను.

టీ పొడి, చక్కెర అక్టోబరు కంటే నవంబరులో రెండింతలయ్యాయి. ఒక మనిషి గొంతులో అంత టీ పట్టదు.

దీపం ఖర్చు సగానికి తగ్గింది. అంటే చీకటి పడ్డాక నువ్వు గదిలో ఉండటం లేదు.

బట్టల సబ్బు నవంబరు నుంచి అసలు లేదు. నువ్వు ఉతకడం లేదు. అయితే నీ బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?

అన్నిటికంటే పెద్దది. చిల్లర ఖర్చులు నవంబరులో 25, డిసెంబరులో 25. పైసా తేడా లేదు. చిల్లర అన్నాక ఒక నెల పదకొండు, ఒక నెల నలభై ఉంటుంది. నెలనెలా మారని చిల్లర చిల్లర కాదు, పేరు చెప్పుకోలేని ఖర్చు. ఇలాంటి 25లు పట్టుకునే నేను ముగ్గురు మేనేజర్లను ఇంటికి పంపాను.

నాకు తెలిసిపోయింది. నువ్వే చెబితే మర్యాదగా ఉంటుంది.

జవాబు కోసం చూస్తూ,
అమ్మమ్మ


జనవరి 22

అమ్మమ్మా,

నీ దగ్గర దాచగలననుకోవడం నాదే బుద్ధి తక్కువ. సబ్బు సంగతి నాకు తట్టనే లేదు.

తెలిసిపోయింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. అవును, నవంబరు నుంచి రోజూ సాయంత్రం అక్కడికే వెళ్తున్నాను. ముందే రాయాల్సింది, సిగ్గేసి రాయలేదు. ఇక్కడికి వచ్చి రెండు నెలలు నా నోట మాట రాలేదు అమ్మమ్మా. వసపిట్టనని పేరే గానీ, కొట్టుకు వెళ్తే వేలితో చూపించి కొనుక్కునేదాన్ని. అక్కడికి వెళ్ళాకే నవ్వాను, పోట్లాడాను, మనిషినయ్యాను. సొంత మనిషిలా చూసుకుంటారు. నా బట్టలు కూడా నన్ను ఉతకనివ్వరు.

మానేయమంటావని భయంగా ఉంది. మానేయలేను. మిగతాది జూన్ పరీక్షయ్యాక ఎదురుగా కూర్చుని చెప్తాను. అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు, లేనిపోని బెంగ పెట్టుకుంటుంది.

నీ కోపానికి తల వంచి,
వసపిట్ట


ఫిబ్రవరి 4

మనవరాలికి,

గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకుంటావని తెలుసు గానీ, ఇంత గట్టిగా తడుముకుంటావని అనుకోలేదు.

మీ అమ్మకు చెప్పవద్దన్నావు, చెప్పలేదు. మీ మావయ్యకు చెప్పాను. కాబట్టి మీ అమ్మకు తెలిసింది. తను పెట్టెలోంచి పట్టు చీరలు తీసి ఎండలో వేసింది. ఏడుస్తూనే వేసింది. మీ మావయ్య కుర్చీకి వేసిన కుషన్ కేసి చూస్తూ కూర్చున్నాడు.

నేను ఏడవలేదు. కింది వివరాలు రాసి పంపు.

ఒకటి, అతని వయసు. రెండు, చదువు ఎంతవరకు, ఎన్నో ప్రయత్నంలో పాసయ్యాడు. మూడు, వృత్తి, నెల రాబడి, ఆధారం జతచేయాలి. నాలుగు, అప్పులు. ఐదు, రోజూ సాయంత్రం నీతో టీ తాగుతూ కూర్చోవడానికి అతనికి తీరిక ఎలా దొరుకుతోంది. పనీ పాటా ఉన్న మగవాడికి ఆ వేళ తీరిక ఉండదు. ఆరు, ఆ 25 అతనికి ఎందుకు ఇస్తున్నావు. బట్టలు ఉతుకుతాడని రాశావు. అది ఒక్కటీ అతని ఖాతాలో జమ వేశాను.

అతను ఎవరైనా నాకు అభ్యంతరం లేకపోవచ్చు. దాచినందుకు ఉంది. ఈ వివరాలు అందేదాకా ఫిబ్రవరి డబ్బు ఆపుతున్నాను. రుజువు లేని ఖర్చుకు సొమ్ము విడుదల చేయడం నాకు అలవాటు లేదు.

అమ్మమ్మ


ఫిబ్రవరి 18

అమ్మమ్మా,

నీ ఉత్తరం లాండ్రీ వెనక గదిలో చదివి వినిపించాను. కుట్టుపని ఆవిడ నవ్వి నవ్వి నోట్లోని సూదిని మింగబోయింది. ఆలూ లేదు, చూలూ లేదు, నువ్వు అల్లుడి జీతం రుజువు అడుగుతున్నావు.

వివరాలు ఇవిగో. వాళ్ళు పదకొండు మంది, అందరూ ఆడవాళ్ళే. సగటు వయసు యాభై ఎనిమిది. చదువు సున్నా. వృత్తులు కుట్టుపని, లాండ్రీ, రొట్టెల కొట్టు, ఆసుపత్రిలో నేల తుడవడం, మిగతావాళ్ళు మనవల్ని ఎత్తుకోవడం. అప్పుల సంగతి అడగలేదు, అడిగితే చీపురు తిరగేస్తారు.

నిజం మొదటి నుంచీ చెప్తాను, ఎందుకంటే నీకు తెలిసింది నేను అనుకున్నది కాదని ఇప్పుడే తెలిసింది. నేను దాచింది నా మార్కులు. అక్టోబరు చివర చిన్న పరీక్ష పెట్టారు. వ్యాకరణంలో 66, రాతలో 61, మాట్లాడటంలో 18. పాసవ్వాలంటే 40 రావాలి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నీ పేరేంటి, ఏం తిన్నావు అని అడిగాడు. నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. మన ఇంట్లో ఎవరైనా చూస్తే పండగ చేసుకునేవారు.

ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఉంటే లాండ్రీ ఆవిడ కేకేసి వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ పెద్దవాళ్ళ అక్షరాల తరగతి జరుగుతోంది. వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ మాట వచ్చు, అక్షరం రాదు. నాకు అక్షరం వచ్చు, మాట రాదు. నేను వాళ్ళ పలకల మీద తప్పులు దిద్దుతాను, వాళ్ళు నా నోటిలోని తప్పులు దిద్దుతారు. వాళ్ళు దిద్దే పద్ధతి నీ కంటే కఠినం, వెంటనే అందరూ నవ్వుతారు.

గది అద్దె నెలకు 300, పన్నెండు మందిమి, తలా 25. ఇదీ నీ మారని చిల్లర. పేరు రాస్తే ఎందుకు వెళ్తున్నావని అడుగుతావు, అడిగితే 18 బయటపడుతుంది. టీ కాచేది నేను, అందరిలోకీ చిన్నదాన్ని కాబట్టి. టీ పొడి కొనడం వంతులవారీగా. సబ్బు లాండ్రీ ఆవిడది.

డబ్బు రాకపోయేసరికి ముందు బ్యాంకు ఆలస్యం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పన్నెండో తేదీన కుట్టుపని ఆవిడ నా చొక్కా నడుము దగ్గర పట్టుకుని, “కిందటి నెల కొలత ఇది కాదు. ఏం తింటున్నావు?” అని అడిగింది. పోయిన పరీక్షలో అడిగిన ప్రశ్నే. ఈసారి జవాబు చెప్పగలిగాను, కానీ చెప్పడానికి ఏమీ లేదు. అప్పటి నుంచి రోజుకొకరి ఇంట్లో భోజనం.

ఒక్కటే తొందర. జూన్ పరీక్ష ఫీజు 160, గడువు మార్చి 5. కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వాళ్ళు వేసుకుంటామంటున్నారు, నేను ఒప్పుకోలేదు. ఇప్పటికే తింటున్నాను.

ఈ నెల లెక్క ఇప్పటిదాకా రాసి జతచేశాను. చిన్నదే.

వసపిట్ట


మార్చి 3

వసపిట్టకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఈసారి ఉత్తరం ముందు చదివాను. లెక్క మీద అంకెలు సరిగ్గా కనిపించలేదు, కళ్ళద్దాలు మార్చాలి.

ఫిబ్రవరి, మార్చి డబ్బు, ఫీజు 160, ఈ ఉదయం బ్యాంకు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడి పంపాను. మూడు రోజులు పడుతుందన్నాడు గుమాస్తా. మూడు రోజులంటే ఆరో తేదీ. ఐదో తేదీకి చేరే మార్గం లేదా అని పది రకాలుగా అడిగాను. “మీలాంటి పెద్దావిడ ఒకావిడ వెనకటికి ఈ బ్యాంకుకు ఆడిటుకు వచ్చేది, ఇలాగే అడిగేది” అన్నాడు. అది నేనేనని చెప్పలేదు.

ఆడిటులో ఒక పద్ధతి ఉంది. తప్పు పడిన అంకెను గీకి చెరపకూడదు. చదవగలిగేలా అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఫిబ్రవరి 4 నాటి నా ఉత్తరానికి అలా అడ్డగీత గీశాను. సరైనది ఇది. అంకెలు చూసి మనిషిని ఊహించాను. నిన్ను అడగకుండా తీర్పు రాశాను. పూట గడవని పిల్లకు ఆరు ప్రశ్నల పట్టిక పంపాను.

18 దాచడం నీ తప్పు. అది అలాగే ఉంది, దాని మీద గీత లేదు.

ఎవరింట్లో ఎన్ని పూటలు తిన్నావో పేర్లవారీగా జాబితా పంపు. విలువ కట్టి తీర్చేస్తాను. మీ అమ్మ చీరలు లోపల పెట్టింది. కాస్త నిరాశ పడినట్టే ఉంది.

సంతకంతో,
అమ్మమ్మ


మార్చి 19

అమ్మమ్మకు,

డబ్బు ఆరో తేదీ ఉదయం అందింది. ఐదో తేదీ సాయంత్రం నాలుగింటికి ఫీజు కట్టేశారు. నన్ను మధ్యలో నడిపిస్తూ పదకొండు మందీ కళాశాల ఆఫీసుకు వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడేసరికి గుమాస్తా ఏం అడగకుండా రసీదు ఇచ్చాడు. పదకొండుతో 160 భాగించబడదని నీకు తెలుసు. తలా పద్నాలుగు వేసుకుని, మిగిలిన ఆరూ కుట్టుపని ఆవిడే వేసింది.

నువ్వు పంపిన 160 తీసుకెళ్ళి, భోజనాల జాబితా అడిగావని చెప్పాను. గది చల్లబడిపోయింది. ఎవరూ నవ్వలేదు. కుట్టుపని ఆవిడ మాత్రం పలక పక్కన పెట్టి కాగితం అడిగింది. రెండు సాయంత్రాలు కూర్చుని నీకు ఉత్తరం రాసింది. ఆవిడ జీవితంలో రాసిన మొదటి ఉత్తరం. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు, దిద్దనివ్వలేదు. అది జతచేశాను. కింద తెలుగులో రాస్తున్నాను.

“పిల్ల అమ్మమ్మకు. పిల్ల తింది. మేము వండింది తింది. వేరే వండలేదు. డబ్బు వద్దు. నువ్వు లెక్క బాగా చేస్తావట. నేను కొలత బాగా తీస్తాను. పిల్ల నడుము మళ్ళీ పాత కొలతకు వచ్చింది. నీకు చెప్పాలని రాశాను.”

ఇప్పుడు ఈ 160 ఏం చేయను?

ఇద్దరు అమ్మమ్మల మధ్య నలుగుతూ,
వసపిట్ట


ఏప్రిల్ 2

వసపిట్టకు,

ఆవిడ అక్షరాలు నాకు రావు గానీ, గీత మీదే నిలబెట్టి రాసింది, ఒక్కటీ కిందికి జారలేదు. నీ మొదటి తరగతి రాత ఇంతకంటే వంకర.

160 దగ్గర ఉంచుకో. ఎండాకాలంలో ఆ గదికి ఫ్యాను లేదని పోయిన నెల లెక్కలో విసనకర్ర ఖర్చు చూసి తెలుసుకున్నాను. ఒక ఫ్యాను కొను. ఎందుకు కొన్నావని అడిగితే, లాండ్రీ వేడి భరించలేక కొన్నానని చెప్పు.

ఆవిడకు నా జవాబు ఇది. చదివి వినిపించకు. రాసి ఇవ్వు, ఆవిడే చదువుకుంటుంది. “కొలత అందింది. నమ్మాను. రుజువు అడగడం లేదు.”

అమ్మమ్మ


జూన్ 12

అమ్మమ్మకు,

ఫలితాలు వచ్చాయి. నాన్చకుండా రాస్తాను.

మాట్లాడటం 84. తరగతిలో అందరికంటే ఎక్కువ. అదే పెద్దాయన కూర్చున్నాడు. ఏం తిన్నావని అడిగితే వంటతో మొదలుపెట్టి, ధరల మీదికి వెళ్ళి, ఉల్లిపాయలవాడిని తిట్టి ఆపాను. “అమ్మాయీ, నీ వయసు ఇరవై, నీ మాట వయసు అరవై. ఎవరు పెంచారు నిన్ను?” అన్నాడు. పదకొండు మంది అని చెప్పాను. ఆ మర్నాడు ఆసుపత్రి వార్డుకు తీసుకెళ్ళారు, అభ్యాసానికి. ఒక ముసలావిడ ఎవరికీ చెప్పని కడుపునొప్పి నాకు చెప్పింది.

రాత 58.

వ్యాకరణం 39.

పాసవ్వడానికి ఒక్క మార్కు తక్కువ. జవాబుల్లో బజారు మాటలు రాశానని పక్కన ఎర్ర సిరాతో ఉంది. ఆగస్టు 13న తిరుగు పరీక్ష ఉందట. కానీ మనం అనుకున్న మాట మూడింటిలోనూ పాసవ్వాలని, తిరుగు పరీక్ష సంగతి అందులో లేదు. అందుకే నిన్ను ఏమీ అడగడం లేదు. జూలై నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని చెప్పేశాను. మావయ్యతో చెప్పు, వస్తున్నాను.

లాండ్రీ గదిలో ఇంకా చెప్పలేదు. రేపు చెప్తాను. రేపు అని మూడు రోజులుగా అనుకుంటున్నాను.

వసపిట్ట


జూన్ 26

వసపిట్టకు,

మీ మావయ్య నీ ఉత్తరం చదివి, పాపం ఒక్క మార్కే కదా, వదిలేయమన్నాడు. వాడికి నువ్వు కొట్లోకి రావడమే కావాలి, అయినా అన్నాడు. మీ అమ్మా అదే అంది. నేను ఒప్పుకోలేదు. ఒక్కటి వదిలేస్తే ఆ నియమం పెట్టుకోవడం ఎందుకు? 39 అంటే 39.

అయితే 66 తెచ్చుకున్న పిల్లకు 39 ఎలా వచ్చిందో తేలాలి. లోటు కనిపిస్తే సరిపోదు, అది ఎవరి ఖాతాలోదో తేలాలి. సెప్టెంబరు నుంచి నీ లెక్కలన్నీ మళ్ళీ తీశాను.

ఫిబ్రవరి కాగితం నేను సరిగ్గా చూడలేదని ఈ ఉదయం తెలిసింది. అందులో ఖర్చులవైపే చూసి కళ్ళు తుడుచుకున్నాను. రాబడి వైపు ఒకే ఒక్క పద్దు ఉంది. పదో తేదీ. “వ్యాకరణ పుస్తకం అమ్మగా, 30.” ఆ రోజే రొట్టె, పప్పు, కిరోసిన్. ఆ తర్వాత ఏ నెలలోనూ పుస్తకం కొన్న పద్దు లేదు. డబ్బు అందాక 90 పెట్టి మళ్ళీ కొనడానికి నీకు చెయ్యి రాలేదు. నాకు రాయడానికీ చెయ్యి రాలేదు. మొన్నటి ఉత్తరంలో కూడా ఆ మాట ఎత్తలేదు. కానీ లెక్కలో దాచలేదు. పద్దు రాశావు, నేను చూడాల్సింది, చూడలేదు.

పుస్తకం లేకుండా నాలుగు నెలలు చదివి 39 తెచ్చుకున్నావు. ఆ పుస్తకాన్ని అమ్మించింది నేను.

కాబట్టి నా తీర్మానం. గది ఖాళీ చేయడం లేదని ఈ ఉత్తరం అందిన రోజే ఇంటావిడకు చెప్పు. రెండో భాగం విడుదల చేశాను, బ్యాంకు రసీదు జతచేశాను. వ్యాకరణ పుస్తకానికి 90 విడిగా పంపాను. అది నీ నెల డబ్బులోది కాదు, నా సొంత ఖర్చు. తిరుగు పరీక్ష ఫీజు కూడా.

ఇది దయ అనుకోకు. నేను దయతో లెక్కలు సర్దను. ఆ ఒక్క మార్కు నాది, నా ఖాతాలో రాసుకున్నాను.

పరీక్ష రాసేది మాత్రం నువ్వే. నలభై ఎనిమిది రోజులున్నాయి. కూర్చుని చదువు.

అమ్మమ్మ